వాణిజ్య వ్యోమనౌకలు, తెలుగు యాత్రికులు: సమకాలీన చరిత్ర రచనలో ఆధారాల పరిశీలన

వ్యాససంగ్రహం

2021 నుంచి 2025 వరకు తెలుగువారితోగాని, భారతదేశంతోగాని సంబంధమున్న కొందరు ప్రైవేటు సంస్థలు నిర్మించిన వ్యోమనౌకల్లో ప్రయాణించారు. ఈ యాత్రల గురించి తెలుగులో వెలువడిన సమాచారంలో ఎత్తు, తేదీ, హోదా, 'మొదటి', 'రెండవ' వంటి క్రమవాచకాల విషయంలో పొంతన కనిపించదు. దీనికి విలేఖరుల తొందరపాటు ఒక్కటే కారణం కాదు. వాణిజ్య వ్యోమయానంలో కార్యకర్త, లేఖకుడు ఒకే సంస్థ కావడం అసలు కారణం. శాసనపరిశోధనలో ప్రశస్తిభాగాన్ని, దానభాగాన్ని వేరుచేసి చదివే పద్ధతి ఈ కొత్త ఆధారాలకు కూడా వర్తిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వాణిజ్య వ్యోమయానం, ఆధారపరిశీలన, ప్రశస్తి, శిరీష బండ్ల, గోపీచంద్ తోటకూర, రాజాచారి, రొద్దం నరసింహ.

1. ఉపోద్ఘాతం

1984 ఏప్రిల్ 3న రాకేశ్‌శర్మ సోయుజ్ టి-11 నౌకలో రోదసికి వెళ్లినప్పుడు ఆ యాత్రకు సంబంధించిన ఆధారాలన్నీ రెండు ప్రభుత్వాల దగ్గర ఉండేవి. నౌక సోవియట్ ప్రభుత్వానిది. యాత్రికుడు భారత వైమానికదళ అధికారి. ప్రకటనలు ప్రభుత్వాలవే. ప్రభుత్వపత్రాల్లోనూ దాపరికం ఉంటుంది. అయినా ఆ పత్రాలు ఎక్కడ పుట్టాయో, ఎవరి అధీనంలో ఉంటాయో చరిత్రకారునికి తెలుసు.

2021 తరువాత పరిస్థితి మారింది. ఆ ఏడాది జులై 11న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ సంస్థకు చెందిన వీఎస్ఎస్ యూనిటీలో ప్రయాణించారు. అదే ఏడాది నవంబరులో, తండ్రివైపు హైదరాబాదు మూలాలున్న రాజాచారి స్పేస్ఎక్స్ వారి క్రూ డ్రాగన్ 'ఎండ్యూరెన్స్' నౌకకు కమాండరుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. 2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర బ్లూ ఆరిజిన్ వారి న్యూ షెపర్డ్‌లో ప్రయాణించారు. 2025 జూన్ 25న భారత వైమానికదళ అధికారి శుభాంశు శుక్లా యాక్సియం-4 యాత్రలో మరో క్రూ డ్రాగన్ 'గ్రేస్' ఎక్కారు. శుక్లా తెలుగువారు కాకపోయినా, తోటకూర స్థానాన్ని నిర్ణయించడానికి ఆయన యాత్రను పక్కన పెట్టి చూడక తప్పదు.

ఈ నాలుగు నౌకలనూ ప్రైవేటు సంస్థలే నిర్మించి నడిపాయి. 'వాణిజ్య' అనే విశేషణం మాత్రం నాలుగింటికీ ఒకే అర్థంలో వర్తించదు. శిరీష ఆ సంస్థ ఉద్యోగిని. తోటకూర ఆ సంస్థ నౌకలో ప్రయాణికుడు. రాజాచారి అమెరికా ప్రభుత్వ వ్యోమగామి. నౌక మాత్రం ప్రైవేటుది. శుక్లా విషయంలో యాత్రను నిర్వహించినది ఒక సంస్థ, నౌక మరొక సంస్థది, ఆయన ఆసనానికి ధర చెల్లించినది భారత ప్రభుత్వం. నౌక ఎవరిది, ఆసనానికి డబ్బు ఎవరు చెల్లించారు, యాత్రికుడు ఎవరి తరఫున వెళ్లాడు అనే మూడు ప్రశ్నలకు విడివిడిగా సమాధానం రాయకుండా 'వాణిజ్య యాత్ర' అని ముద్ర వేస్తే ఆ తరువాత చేసే పోలికలన్నీ తప్పుతాయి.

2. రొద్దం పేరు చెప్పే పాఠం

ఈ పరిశీలనకు పెనుకొండ సమీపంలోని రొద్దం నుంచి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. భారత వైమానిక, అంతరిక్ష విజ్ఞానంలో రొద్దం నరసింహ (1933–2020) పేరు సుప్రసిద్ధం. ఆయన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో హన్స్ లీప్‌మన్ దగ్గర పరిశోధన చేశారు. 1984 నుంచి 1993 వరకు జాతీయ వైమానిక ప్రయోగశాలకు సంచాలకులుగా ఉన్నారు. అంతరిక్ష సంఘంలో దీర్ఘకాలం సభ్యులుగా పనిచేశారు. 2013లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆయన పేరుకు ముందున్న 'రొద్దం' పూర్వికుల ఊరిని తెలిపే ఇంటిపేరు.

ఈ ఇంటిపేరు ఆధారంగా ఆయనను 'రొద్దం శాస్త్రవేత్త' అనవచ్చునా? వంశమూలం అనే అర్థంలో అనవచ్చు. ఆయన విద్య, వృత్తిజీవితం బెంగళూరుతో ముడిపడినవని మరచి, రొద్దంలో చదివి పైకి వచ్చిన వ్యక్తిగా రాస్తే అది చరిత్ర కాదు. ఇంటిపేరు వంశమూలానికి ఆధారమవుతుంది గాని జన్మస్థలానికో, విద్యాభ్యాసానికో ఆధారం కాదు. సీమలో ఊరిపేర్లే ఇంటిపేర్లయిన కుటుంబాలు అనేకం. వాటి చరిత్ర రాసేవారికి ఈ భేదం కొత్త కాదు. వ్యోమయాత్రికుల విషయంలో మాత్రం ఆ జాగ్రత్తను తరచుగా వదిలేస్తున్నాము.

పాలనావిభాగాల పేర్లు మారడం మరో చిక్కు. రొద్దం 2022 ఏప్రిల్ 4కు ముందు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ తేదీ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. రెండు రచనలు రెండు జిల్లాల పేర్లు చెప్పినంత మాత్రాన ఒకటి తప్పనుకోనక్కరలేదు. ఏది ఎప్పుడు రాసినదో చూడాలి. శిరీష స్వస్థలాన్ని కొన్ని వార్తలు గుంటూరు అని, కొన్ని తెనాలి అని రాశాయి. తెనాలి గుంటూరు జిల్లాలోని పట్టణం. కాబట్టి మొదటి రచన జిల్లాను చెబుతున్నదా, నగరాన్ని చెబుతున్నదా అని తేల్చుకున్న తరువాతనే వైరుధ్యం ఉన్నదీ లేనిదీ నిర్ణయించాలి.

నరసింహ నుంచి గ్రహించదగిన మరో పాఠం ఆయన పరిశోధన పద్ధతిలో ఉంది. 1985లో ఆయన మైసూరు, బ్రిటన్‌లలో 1750–1850 మధ్య రాకెట్ల చరిత్రపై ఒక ప్రసంగవ్యాసం వెలువరించారు. 18వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ పెనుకొండ ప్రాంతం కూడా కొంతకాలం హైదరలీ, టిపూ సుల్తానుల ఏలుబడిలో ఉండేది. టిపూ రాకెట్ల గురించి మనకు గర్వోక్తులు ఎక్కువ. నరసింహ వాటితో తృప్తిపడలేదు. శత్రుపక్షమైన ఆంగ్ల సైనికుల రాతలను, బ్రిటన్‌లో భద్రపరచిన మైసూరు రాకెట్లను, విలియం కాంగ్రీవ్ ఆ తరువాత చేసిన పనిని పక్కపక్కన పెట్టి చూశారు. మైసూరు రాకెట్ల ఆధిక్యానికి ఇనుప గొట్టం వాడకం ప్రధాన కారణమని చూపారు. ఆ తరువాత క్రమబద్ధమైన ప్రయోగాలతో బ్రిటన్ ముందుకు పోయిన తీరునూ అంతే నిక్కచ్చిగా చెప్పారు. స్వపక్ష ప్రశంస, పరపక్ష సాక్ష్యం, వస్తుసాక్ష్యం అనే మూడింటినీ కలిపి తూచడం ఆ పద్ధతిలోని సారం. 2018లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర ప్రాంతంలో ఒక పాతబావి నుంచి వెయ్యికి పైగా రాకెట్లు బయటపడినప్పుడు వస్తుసాక్ష్యం విలువ మరోసారి రుజువైంది.

3. సంస్థ ప్రకటన ఒక ప్రశస్తి

తెలుగు శాసనాలు చదివేవారు ప్రశస్తిని, దానభాగాన్ని ఒకే తూకంతో తూచరు. రాజు బిరుదులు, దిగ్విజయాలు ప్రశస్తిలో ఉంటాయి; వాటిలో అతిశయం సహజం. దానమిచ్చిన తేదీ, భూమి పరిమాణం, ఎల్లలు, సాక్షులు దానభాగంలో ఉంటాయి. వాటిలో పొరపాటు జరిగితే దాతకూ గ్రహీతకూ నష్టం కనుక అక్కడ జాగ్రత్త ఎక్కువ. లేపాక్షి వీరభద్రాలయ శాసనాల నుంచి దానాల వివరాలను మనం విశ్వాసంతో స్వీకరిస్తాము. విరూపణ్ణ కళ్లకు సంబంధించిన కథను మాత్రం జనశ్రుతిగానే పేర్కొంటాము.

వ్యోమయాన సంస్థ విడుదల చేసే ప్రకటనలో కూడా ఈ రెండు భాగాలు ఉంటాయి. యాత్రికుల పేర్లు, ప్రయోగస్థలం, సమయం దానభాగం వంటివి. 'చారిత్రాత్మకం', 'నిర్దోషం', 'కొత్త శకం' వంటి మాటలు ప్రశస్తి. ప్రత్యక్షప్రసారం కూడా సంస్థ కెమెరాలతో, సంస్థ నియమించిన వ్యాఖ్యాతలతో సాగే ప్రశస్తే. దానిని తోసిపుచ్చనక్కరలేదు, ఏ భాగం దేనికి సాక్ష్యమో తెలిసి చదివితే చాలు.

శిరీష ప్రయాణించిన యూనిటీ 22 యాత్ర దీనికి స్పష్టమైన నిదర్శనం. న్యూ మెక్సికోలోని స్పేస్‌పోర్ట్ అమెరికా నుంచి సాగిన ఆ యాత్రలో పైలట్లు డేవ్ మెకే, మైకేల్ మసూచీలతో పాటు బెత్ మోజెస్, కొలిన్ బెనెట్, శిరీష బండ్ల, సంస్థ స్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్ ఉన్నారు. ఆ రోజు ప్రసారం, ఆ తరువాత ప్రకటనలు దానిని సంపూర్ణ విజయంగా వర్ణించాయి. తెలుగు పత్రికలు కూడా అదే వర్ణనను అందుకున్నాయి. 2021 సెప్టెంబరు 1న 'న్యూయార్కర్' పత్రికలో నికొలస్ ష్మిడిల్ రాసిన కథనం మరో విషయాన్ని బయటపెట్టింది. ఆరోహణ సమయంలో నౌక పథం గురించి పైలట్ల ముందు హెచ్చరిక దీపాలు వెలిగాయని, నౌక తనకు కేటాయించిన గగనతలాన్ని దాటిందని ఆ కథనం సారాంశం. మరుసటి రోజే అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, దర్యాప్తు పూర్తయ్యేదాకా నౌకను నడపరాదని ఆదేశించింది. దిగివచ్చేటప్పుడు నౌక 1 నిమిషం 41 సెకన్లపాటు కేటాయించిన గగనతలం వెలుపల ఉన్నదని, ఆ సంగతిని సంస్థ నిబంధనల ప్రకారం తెలియజేయలేదని దర్యాప్తులో తేలింది. పై ఎత్తుల్లోని గాలుల వల్ల పథం మారిందని, పైలట్లు సరిగానే స్పందించారని సంస్థ వాదించింది. దిద్దుబాటు చర్యలకు సంస్థ అంగీకరించాక సెప్టెంబరు 29న దర్యాప్తు ముగిసింది.

ఇక్కడ మూడు సాక్ష్యాలున్నాయి: సంస్థ ప్రకటన, పత్రికా పరిశోధన, నియంత్రణ సంస్థ నిర్ణయం. జులై వార్తల్ని మాత్రమే ఆధారం చేసుకుని రాసిన జీవితచరిత్రలో ఈ అధ్యాయమే ఉండదు. ఈ అధ్యాయం వల్ల శిరీష గౌరవానికి ఏ లోపమూ రాదు. అందులో ఆమె బాధ్యత లేదు. ఆమె పని ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన మొక్కల ప్రయోగాన్ని నిర్వహించడం. యాత్రలోని వేర్వేరు దశల్లో చేతిలోని నాళికలను పనిచేయించడం. భారరహిత స్థితిలో మనిషి స్వయంగా చేసే ప్రయోగం ఎలా సాగుతుందో పరీక్షించడం ఆ పని ఉద్దేశం. 'రోదసిలోకి తెలుగమ్మాయి' వంటి శీర్షికల హోరులో ఈ శాస్త్రీయ భాగమే అడుగున పడిపోయింది. ఆధారాలను తూచి చూస్తే యాత్రలోని లోపమూ, యాత్రికురాలు చేసిన అసలు పనీ రెండూ వెలుగులోకి వస్తాయి.

4. కొలతలు: ఎత్తు, తేదీ, క్రమసంఖ్య

యూనిటీ 22 చేరిన గరిష్ఠ ఎత్తు 2,82,773 అడుగులు. అంటే సుమారు 86.2 కిలోమీటర్లు. ఇది రోదసి అవుతుందా అనేది సరిహద్దు నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. అంతర్జాతీయ వైమానిక సమాఖ్య రికార్డుల కోసం 100 కిలోమీటర్ల కార్మన్ రేఖను పాటిస్తుంది. అమెరికా 50 మైళ్లను, అంటే సుమారు 80.5 కిలోమీటర్లను గీటుగా తీసుకుంటుంది. 1960 దశకంలో ఎక్స్-15 విమానాల పైలట్లకు గుర్తింపు ఇచ్చినది ఆ కొలతతోనే. ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డవల్ 2018లో ప్రచురించిన పత్రంలో 80 కిలోమీటర్ల సరిహద్దుకు భౌతికశాస్త్రపరమైన సమర్థన చూపారు. అదే ఏడాది నవంబరులో వైమానిక సమాఖ్య కూడా ఈ విషయం పునఃపరిశీలనకు తగినదని ప్రకటించింది.

కాబట్టి 'శిరీష రోదసికి వెళ్లారు', 'వెళ్లలేదు' అనే రెండు వాక్యాలూ అసంపూర్ణమే. 'సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. అమెరికా కొలమానం ప్రకారం అది రోదసి, కార్మన్ రేఖకు మాత్రం దిగువ' అనే వాక్యం రేపు నిర్వచనం మారినా నిలుస్తుంది. కొలతలో సూక్ష్మత ఎంత అవసరమో 2004 జూన్ 21 నాటి స్పేస్‌షిప్‌వన్ యాత్ర చెబుతుంది. మైక్ మెల్విల్ నడిపిన ఆ నౌక 100 కిలోమీటర్ల రేఖను దాటినది నూరు మీటర్లకు కాస్త పైన మాత్రమే. అడుగులను కిలోమీటర్లలోకి మార్చి ఉజ్జాయింపుగా గుండుసంఖ్య వేస్తే అటువంటి సందర్భంలో తీర్పే తారుమారవుతుంది.

తేదీ విషయంలో రాజాచారి యాత్ర మంచి ఉదాహరణ. ఆయన నౌక ఫ్లోరిడా స్థానిక కాలం ప్రకారం 2021 నవంబరు 10 రాత్రి 9.03కు బయలుదేరింది. సార్వత్రిక కాలమానంలో అప్పటికి నవంబరు 11 వచ్చేసింది; భారతదేశంలో నవంబరు 11 ఉదయం 7.33. నవంబరు 10 అన్నవారూ, 11 అన్నవారూ ఇద్దరూ సరైనవారే. తప్పల్లా ఏ కాలమానమో చెప్పకపోవడం. మన శాసనాల్లో శకవర్షం గతమో వర్తమానమో తేల్చకుండా క్రీస్తుశకంలోకి మార్చడం వంటిదే ఈ తప్పు.

వాయిదాలు మరో చిక్కు తెస్తాయి. శుక్లా యాత్ర 2025 మే 29కి అనుకున్నది పలుమార్లు వాయిదాపడి జూన్ 25న జరిగింది. వాయిదాకు ముందు వెలువడిన పత్రికల్లో 'నేడే ప్రయోగం' అన్న వార్తలు ఉంటాయి. రేపటి పరిశోధకుడు ఆ ఒక్క పత్రికనే చూస్తే యాత్ర తేదీ తప్పుతుంది. జరగబోయే దాని గురించిన వార్త, జరిగిన దానికి సాక్ష్యం కాదు.

యాత్రల పేర్లలోని అంకెలు కూడా భ్రమ కలిగిస్తాయి. యూనిటీ 22 అంటే ఆ నౌక చేసిన 22వ పరీక్షాయానం. అందులో అధికభాగం రోదసి అంచులకు చేరని గ్లైడింగ్, పరీక్షా ప్రయాణాలు. రాకెట్ శక్తితో 80 కిలోమీటర్లు దాటడం ఆ నౌకకు అది నాలుగోసారి. ఎన్ఎస్-25 అంటే న్యూ షెపర్డ్ 25వ యానం. మనుషులతో సాగిన వాటిలో అది ఏడవది. క్రూ-3 అంటే నాసా సిబ్బందిని క్రమంగా మార్చే యాత్రల్లో మూడవది. మనుషులతో వెళ్లిన డ్రాగన్ యాత్రల్లో మాత్రం ఐదవది. శిరీషను సంస్థ 'వ్యోమగామి 004' అని వ్యవహరించింది. అది సంస్థ తన జాబితాలో ఇచ్చుకున్న సంఖ్యే గాని ప్రపంచ క్రమం కాదు.

5. పదం: ఎవరు వ్యోమగామి?

తెలుగు పత్రికలు ఈ నలుగురినీ 'వ్యోమగామి' అనే అన్నాయి. ఆంగ్ల చట్టపరిభాష అలా అనదు. అమెరికాలో 2004 నాటి వాణిజ్య ప్రయోగాల సవరణ చట్టం నౌకను నడిపే సిబ్బందిని, యానంలో పాల్గొనే ప్రయాణికుడిని వేరుచేసింది. ప్రయాణికునికి ప్రమాదాల గురించి ముందుగా తెలియజేసి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని విధించింది. 2015 నాటి చట్టం 'ప్రభుత్వ వ్యోమగామి' అనే మరో వర్గాన్ని చేర్చింది. ఈ వర్గీకరణలో హోదా మారితే హక్కులు, బాధ్యతలు కూడా మారతాయి.

ఎఫ్ఏఏ 2004 నుంచి వాణిజ్య వ్యోమగాములకు రెక్కల చిహ్నం ఇచ్చేది. 2021 జులై 20న, అంటే యూనిటీ 22 యాత్ర జరిగిన తొమ్మిది రోజులకు, అది తన నియమాలను సవరించింది. 50 మైళ్లు దాటితే చాలదని, ప్రజాభద్రతకో వ్యోమయాన భద్రతకో తోడ్పడే పని యానంలో చేసి ఉండాలని కొత్త నియమం. ఆ ఏడాది చివర ఆ కార్యక్రమాన్నే ముగించింది. ముగింపుకు ముందు రెక్కల చిహ్నం పొందినవారిలో శిరీష ఉన్నారు. 2022 నుంచి 50 మైళ్లు దాటినవారి పేర్లను జాబితాలో నమోదు చేయడమే తప్ప చిహ్నం లేదు. 2024లో వెళ్లిన తోటకూరకు చిహ్నం లేకపోవడానికి కారణం ఆయన యాత్రలోని లోపం కాదు, కార్యక్రమమే లేకపోవడం. కాలం చూడకుండా ఈ ఇద్దరినీ పోల్చడం అన్యాయమవుతుంది.

తెలుగులో ఈ భేదాలను చూపే పదాలు ఇప్పటికే ఉన్నాయి. వృత్తిగా శిక్షణ పొంది ప్రభుత్వం తరఫున వెళ్లేవారికి 'వ్యోమగామి', రోదసి అంచులకు వెళ్లివచ్చిన ఎవరికైనా 'వ్యోమయాత్రికుడు', 'వ్యోమయాత్రికురాలు', విహారం కోసం వెళ్లేవారికి 'అంతరిక్ష పర్యాటకుడు' అని నియమంగా వాడితే సగం గందరగోళం తీరుతుంది. శిక్షణ కార్యక్రమంలో పాల్గొనడం, యాత్రకు ఎంపిక కావడం, యాత్ర చేయడం అనే మూడు దశలను కూడా కలపరాదు. ఆసనం నమోదు చేసుకున్నందుకే కేరళకు చెందిన ఒక యాత్రారచయితను సుమారు 2007 నుంచి చాలా పత్రికలు 'తొలి భారతీయ అంతరిక్ష పర్యాటకుడు' అని రాశాయి. ఆయన కంటే ముందుగా రోదసికి వెళ్లివచ్చినది 2024లో తోటకూర.

6. 'మొదటి', 'రెండవ' అనే మాటలు

క్రమవాచకానికి ఒక సమూహం తప్పనిసరి. సమూహం చెప్పని క్రమవాచకం అర్థరహితం. శిరీషను వార్తలు మూడు విధాలుగా లెక్కించాయి. భారతదేశంలో పుట్టిన మహిళల్లో ఆమె రెండవవారు. మొదటివారు కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా. భారతీయ మూలాలున్న మహిళల్లో మూడవవారు. అమెరికాలో పుట్టిన సునీతా విలియమ్స్ మధ్యలో చేరుతారు. రాకేశ్‌శర్మను కలిపితే భారతీయ మూలాలున్నవారిలో నాల్గవవారు. ఈ మూడు లెక్కలూ 80 కిలోమీటర్ల సరిహద్దును అంగీకరిస్తేనే చెల్లుతాయి. ఒక్కొక్కటి తన సమూహంలో నిజమే. సమూహం చెరిగిపోయి అంకె మాత్రమే మిగిలినప్పుడు అవి పరస్పరం కొట్టుకుంటాయి.

2024 మేలో తోటకూరను రాకేశ్‌శర్మ తరువాత 'రోదసికి వెళ్లిన రెండవ భారతీయుడు' అన్నారు. 2025 జూన్‌లో శుక్లాను కూడా సరిగ్గా అదే మాటతో కీర్తించారు. ఒకే స్థానంలో ఇద్దరు! పరిష్కారం క్లిష్టమైనది కాదు. తోటకూరది ఉపకక్ష్యా యానం. నౌక 100 కిలోమీటర్లు దాటి పైకి వెళ్లి, భూమి చుట్టూ తిరగకుండానే కొద్ది నిమిషాల్లో దిగివచ్చింది. రాకేశ్‌శర్మ, శుక్లా భూకక్ష్యలో రోజుల తరబడి ఉన్నారు. కాబట్టి భారత పౌరుల్లో కక్ష్యకు చేరిన రెండవ వ్యక్తి శుక్లా; అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన తొలి భారతీయుడూ ఆయనే. పౌరసత్వం గురించి పత్రికలు తెలిపినది సరైనదైతే, కార్మన్ రేఖను దాటిన రెండవ భారత పౌరుడు తోటకూర. 'కక్ష్య' అనే ఒక్క మాట చేరిస్తే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది.

'తెలుగు' అనే సమూహాన్ని కూడా ఇలాగే నిర్వచించుకోవాలి. శిరీష ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగారు. తోటకూర విజయవాడలో పుట్టారు. రాజాచారి మిల్వాకీలో పుట్టిన అమెరికన్. రాకేశ్‌శర్మ పటియాలాలో పుట్టి, హైదరాబాదులో సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూలులోను నిజాం కళాశాలలోను చదివారు. జన్మస్థలం, వంశమూలం, విద్యాస్థలం, పౌరసత్వం అనే నాలుగు ప్రమాణాల్లో దేనిని తీసుకుంటే ఆ జాబితా వస్తుంది. రొద్దం నరసింహను రొద్దంతో ముడిపెట్టేటప్పుడు ఎదురైన ప్రశ్నే ఇది. ప్రమాణాన్ని ముందుగా ప్రకటించిన పరిశోధకుడు ఏ జాబితా ఇచ్చినా అభ్యంతరం ఉండదు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ప్రమాణం వాడితే అది చరిత్ర కాదు, స్తుతి.

7. ఆధారాల తారతమ్యం

తప్పు చెబితే ఎవరికి ఏ నష్టం అనే ప్రశ్న ఆధారాల బలాన్ని తూచడానికి ఉపకరిస్తుంది. వర్జిన్ గెలాక్టిక్ 2019 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో నమోదైన సంస్థ. అది మదుపరుల రక్షణ సంస్థకు సమర్పించే నివేదికల్లో అసత్యం ఉంటే చట్టపరమైన శిక్ష ఉంది. ప్రత్యక్షప్రసార వ్యాఖ్యానానికి ఆ భయం లేదు. కాబట్టి ఆర్థిక, భద్రతా విషయాల్లో నివేదికలకే ప్రాధాన్యమివ్వాలి. బ్లూ ఆరిజిన్ షేర్లు విక్రయించని ప్రైవేటు సంస్థ; అటువంటి నివేదికలు దానికి లేవు. అందుకని అక్కడ ఎఫ్ఏఏ పత్రాలకు, స్వతంత్ర పరిశీలకుల నమోదుకు విలువ పెరుగుతుంది. ఎన్ఎస్-25 దిగివచ్చేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు. అది ప్రసారంలోనే అందరికీ కనిపించింది. ప్రసారం ప్రశస్తి అయినా, దాని దృశ్యాలు వ్యాఖ్యాత మాటలను మించిన సాక్ష్యం కాగలవని ఇది చూపుతుంది.

క్రూ డ్రాగన్ విషయంలో ప్రజాధనం ఉంది. 2014 సెప్టెంబరులో నాసా స్పేస్ఎక్స్‌కు 260 కోట్ల డాలర్ల, బోయింగ్‌కు 420 కోట్ల డాలర్ల ఒప్పందాలు ఇచ్చింది. ఆ కారణంగా నాసా తనిఖీ విభాగం, అమెరికా కాంగ్రెస్ లెక్కల పరిశీలన విభాగం వెలువరించిన నివేదికలు లభిస్తాయి. ప్రమాదం జరిగినప్పుడు మరింత లోతైన పత్రాలు పుడతాయి. 2014 అక్టోబరు 31న యూనిటీకి ముందుతరం నౌక కూలి ఒక పైలట్ మరణించినప్పుడు అమెరికా రవాణా భద్రతా మండలి విచారణ జరిపింది. గాలి ఒత్తిడిని తట్టుకునే తోకభాగపు తాళాన్ని సమయానికి ముందే తీయడం కారణమని తేల్చి, మనిషి ఒక్క పొరపాటు చేసినా నౌక నిలిచేలా రూపకల్పన జరగకపోవడాన్నీ ఎత్తిచూపింది. నౌక నిర్మాణం గురించి ఇంత స్పష్టంగా చెప్పే పత్రం సంస్థ ప్రచురణల్లో దొరకదు.

తెలుగు పరిశోధకులు అమెరికా వెళ్లి ఈ పత్రాలు చూడనక్కరలేదు. చాలా భాగం అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. అయితే వెబ్‌పుటలు మారతాయి, తొలగిపోతాయి. శాసనానికి నకలు తీసినట్టే పుటను చూసిన తేదీతో సహా భద్రపరచుకోవాలి. మూలభాషలోని అసలు పదాన్ని, అసలు కొలమానాన్ని రాసుకున్న తరువాతనే తెలుగు పదం, కిలోమీటర్లు రాయాలి. పది వార్తలు ఒకే ప్రకటన నుంచి పుట్టినవైతే వాటిని పది సాక్ష్యాలుగా గాక ఒక్క సాక్ష్యంగానే లెక్కించాలి. తాళపత్రప్రతుల పరిష్కరణలో మాతృకను, ప్రతులను వేరుచేసే సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని నిర్ధారణలకు రావచ్చు. వాణిజ్య వ్యోమయానంలో సంస్థ ప్రకటన ప్రశస్తి. దానిలోని దానభాగాన్ని స్వీకరించి, ప్రశంసను స్వతంత్రసాక్ష్యంతో తూచాలి. ఎత్తును కొలతగానే రాసి, సరిహద్దు ఎవరిదో చెప్పాలి. తేదీకి కాలమానం, క్రమవాచకానికి సమూహం, హోదాకు ఆనాటి నియమం జతచేయాలి.

ఈ జాగ్రత్త అవసరం ఇప్పుడే ఎక్కువ. ఈ యాత్రల వివరాలు పాఠ్యపుస్తకాల్లోకి, పోటీపరీక్షల ప్రశ్నల్లోకి, జిల్లా చరిత్రల్లోకి చేరుతున్నాయి. 'రెండవ భారతీయుడు ఎవరు?' అనే ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఉండగా ఒకదానికే మార్కులు వేస్తే, సరిగా చదివిన విద్యార్థికే నష్టం. వర్జిన్ గెలాక్టిక్ వీఎస్ఎస్ యూనిటీని 2024 జూన్‌లో చివరిసారి నడిపి విరమింపజేసింది. సాక్షులు జీవించి ఉన్నారు, పత్రాలు అందుబాటులో ఉన్నాయి, వైరుధ్యాలను తేల్చే వీలు ఇంకా ఉంది. ఒక శతాబ్ది తరువాత మైసూరు రాకెట్ల కోసం పాతబావులు తవ్వినట్టు, శిరీష నాళికల్లోని మొక్కల ప్రయోగం కోసం వెతకవలసిన పని రాకూడదంటే, ఆ వివరాన్ని తెలుగులో ఆధారసహితంగా నమోదు చేయవలసిన కాలం ఇదే.